దండ వెయ్యని ఫొటో: ఒక చిన్న పట్టణం సైనికుల గుర్తుల మీద కేస్ స్టడీ

పాత ఫొటోలు, ఉత్తరాలు, కాగితాలు పాడవకుండా చూడడం, వాటికి కాపీలు తీసి వివరాలు రాసిపెట్టడం నా పని. ఎక్కువగా కుటుంబాల కోసం చేస్తాను, అప్పుడప్పుడు బడులకీ గ్రంథాలయాలకీ కూడా. ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో చేసిన పని గురించి. పట్టణం పేరు రాయడం లేదు. వస్తువులు చూపించినవాళ్లకి ముందే అలా మాటిచ్చాను.

నన్ను పిలిచింది ఇద్దరు. ఒకరు హైస్కూల్లో సోషల్ మాస్టారు, ఇంకొకరు 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో పనిచేసి రిటైరైన సుబేదారు గారు. ఆగస్టు 15కి శాఖా గ్రంథాలయం హాల్లో ఒక ప్రదర్శన పెట్టాలని వాళ్ల ఆలోచన. "మన ఊరి నుంచి మిలట్రీకి వెళ్లినవాళ్ల ఫొటోలన్నీ ఒక గోడ మీద ఉండాలమ్మా. మిలిటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు. మనవాళ్లూ వెళ్లారని మన పిల్లలకే తెలీదు" అన్నారు సుబేదారు గారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ఇంటికో సైనికుడని పేరు. ఈ పట్టణానికి అలాంటి పేరేమీ లేదు. ఇంటికొకరు కాదు, వీధికి ఒకరో ఇద్దరో వెళ్లారు. అందుకే ఎవరూ లెక్క రాసుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది పనిచేశారు. దాదాపు 87,000 మంది తిరిగి రాలేదు. మన ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లినవాళ్లలో చాలామంది తుపాకీ పట్టుకుని ముందు వరసలో నిలబడ్డవాళ్లు కారు. వంతెనలు కట్టిన సాపర్లు, లారీలు నడిపిన సర్వీస్ కోర్ డ్రైవర్లు, రోడ్లు వేసిన పయనీర్లు, ఆసుపత్రి మనుషులు, గుమస్తాలు, వంటవాళ్లు. "యుద్ధవీరుల ఫొటోలు ఇవ్వండి" అని అడిగితే ఇలాంటివాళ్ల పిల్లలు ముందుకు రారు. "మా నాన్న వీరుడేం కాదండీ, వంటమాస్టరు" అని తలుపు దగ్గరే చెప్పేస్తారు. మొదటి వారంలోనే ఆ మాట రెండుసార్లు విన్నాక, మాస్టారు అచ్చు వేయించిన కరపత్రంలో "వీరులు" తీసేసి "మిలట్రీలో పనిచేసినవాళ్లు" అని మార్పించాను. ఒక్క మాట మార్చినందుకే కొత్తగా ఐదు ఇళ్లు తెలిశాయి.

వస్తువు ఇల్లు దాటకూడదు

మొదట్లో మాస్టారి ప్లాన్ వేరు. ఫొటోలూ పతకాలూ గ్రంథాలయానికి తెచ్చివ్వమంటే నేను అక్కడే కూర్చుని పని చేసుకోవచ్చని. రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. మూడో రోజు ఒక పెద్దాయన వచ్చి వస్తువేమీ చూపించకుండా అరగంట కూర్చుని వెళ్తూ, అసలు సంగతి చెప్పారు. పదిహేనేళ్ల కిందట ఎవరో ఒక సంచిక వేస్తామని చెప్పి ఊళ్లో పాత ఫొటోలు పట్టుకెళ్లారు. సంచిక రాలేదు, ఫొటోలూ తిరిగి రాలేదు. ఆయన తమ్ముడు యూనిఫాంలో ఉన్న ఫొటో అదొక్కటేనట.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. స్కానర్, కెమెరా, రెండు లైట్లు, నల్లగుడ్డ సంచిలో పెట్టుకుని మేమే ఇళ్లకి వెళ్లాం. ఏ వస్తువూ గడప దాటలేదు. కాపీ తీసిన రోజే ఇంటివాళ్లకి ఒక ప్రింటు, పెన్‌డ్రైవ్‌లో ఫైలు, ఏమేం కాపీ తీశామో రాసి సంతకం చేసిన కాగితం ఇచ్చాం. ప్రదర్శనలో పెట్టడానికి ఒప్పుకుంటున్నారా, పేరు వెయ్యొచ్చా అన్నవి రెండు వేరే ప్రశ్నలుగా అడిగాం. ఫొటో పెట్టుకోండి కానీ పేరు వద్దన్నవాళ్లూ ఉన్నారు. దానికి ఆస్తి తగాదాలు సహా నానా కారణాలు ఉంటాయి, అవి మనం అడగకూడదు.

ఈ పద్ధతిలో పని మూడింతలైంది. అయినా నాకిప్పుడు వేరే పద్ధతి తోచదు. వస్తువు ఇంట్లో ఉన్నప్పుడే దాని చుట్టూ మనుషులు చేరతారు. ట్రంకు పెట్టె మంచం కిందనుంచి లాగుతున్నప్పుడు పక్కింటి ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి "అది కాదే, వాడు తెచ్చిన కంబళి ఏది?" అంటుంది. అదే పెట్టె గ్రంథాలయం బల్ల మీద పెడితే ఆ కంబళి మాట ఎవరికీ గుర్తురాదు.

ఫొటో దగ్గర ఏం చూడాలి

గోడకి వేలాడే ఫొటోల్లో సగానికి పైగా అద్దానికి అతుక్కుపోయి ఉన్నాయి. మన తీరప్రాంతపు తేమకి ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. దాన్ని లాగితే మొహం అద్దానికే ఉండిపోతుంది. ఒక ఇంట్లో అప్పటికే ఒక స్టూడియోలో లాగించి ఉన్నారు. టోపీ, భుజాలు ఉన్నాయి, మధ్యలో తెల్లటి మచ్చ. అతుక్కున్న ఫొటోని అద్దంతోనే ఉంచి, రెండు పక్కలనుంచి 45 డిగ్రీల కోణంలో లైటు పెట్టి, కెమెరా మీద నల్లగుడ్డ కప్పి ఫొటో తీయడమే దారి. విడిగా ఉన్నవైతే 600 డీపీఐలో, పాస్‌పోర్టు సైజువైతే 1200లో స్కాన్ చేశాను.

ఫ్రేము మళ్లీ గోడకి పెట్టేటప్పుడు కింద రెండు మూలలకీ చిన్న బెండు ముక్కలు అంటించాం, వెనకనుంచి గాలి ఆడేలా. ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా పనికొచ్చే మరమ్మతు నాకు తెలీదు.

మొహం కన్నా ముందు నేను చూసేది ఫొటో వెనకవైపు. యుద్ధకాలం ఫొటోలు చాలావరకు కంటోన్మెంట్ పక్క స్టూడియోల్లో పోస్టుకార్డు సైజులో తీయించుకున్నవి. వెనక స్టూడియో ముద్ర ఉంటే ట్రైనింగ్ ఎక్కడ జరిగిందో అర్థమవుతుంది. తరవాత భుజం మీద ఇత్తడి అక్షరాలు. ఇంట్లో వందసార్లు చూసినా ఎవరికీ కనిపించని ఆ అక్షరాలు స్కాన్ పెద్దది చేస్తే చదవగలం. సుబేదారు గారికి ఇది బాగా పట్టుబడింది. మద్రాస్ సాపర్లకే ఉండే పొడుగాటి టోపీని అరచెయ్యంత ఫొటోలో కూడా దూరంనుంచే గుర్తుపట్టేవారు.

పతకాల్లో ఒక సంగతి చాలామందికి తెలీదు. రెండో ప్రపంచ యుద్ధం స్టార్లు (నక్షత్రం ఆకారపు పతకాలు), మెడళ్లు బ్రిటిష్ సైనికులకి పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైన్యంలో పనిచేసినవాళ్లకి మాత్రం నంబరు, హోదా, పేరు, యూనిట్ చెక్కి ఇచ్చారు. స్టార్ మీదైతే వెనక, గుండ్రటి మెడల్‌కైతే అంచు మీద. ఫొటో లేకపోయినా, కాగితాలు చెదలు తినేసినా, ఆ నంబరు ఒక్కటి ఉంటే మనిషిని వెతకొచ్చు.

ఒక ఇంట్లో ఆ నంబరే చింతపండుతో పోయింది. ఏటా దసరా ఆయుధపూజకి ఇత్తడి సామానుతోపాటు తాతగారి స్టార్‌నీ తోమి బొట్టుపెట్టి దేవుడి గూట్లో పెట్టేవారు. అరవై డెబ్బై దసరాలు. ముందువైపు బంగారంలా మెరుస్తోంది, వెనకవైపు నున్నగా అయిపోయింది. కోడలుగారు కంగారుపడ్డారు. "మేమే చెరిపేశామా?" అని. చేత్తో తాకితే ఏమీ తెలియలేదు. గది చీకటి చేసి సెల్‌ఫోన్ టార్చ్‌ని స్టార్‌కి సమానమైన ఎత్తులో పక్కనుంచి కొట్టి, మెల్లగా తిప్పుతూ పోతే, ఒక వాలులో మొదట ఒక 5, దాని పక్కన సగం 8 నీడలా లేచాయి. అలా పన్నెండు ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో కనిపించిన అక్షరాలు పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రికి నంబరు మొత్తం రాశాం. ఒక అంకె ఇప్పటికీ అనుమానమే, దాన్ని కాగితంలో అనుమానంగానే ఉంచాను. ఆ ఇంట్లో ఇప్పుడు తోమడం మానేశారు. పూజ మానలేదు.

నేను చేసిన తప్పు

ఇది చెప్పకపోతే ఈ కేస్ పూర్తి కాదు. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు కలిసి కూర్చున్నాయి. తాతగారు బర్మా అడవుల్లో జపాన్‌వాళ్లతో పోరాడారని మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. మనవడు ఆ కథని బడిలో వ్యాసంగా రాసి బహుమతి కూడా తెచ్చుకున్నాడు. పతకాలు రెండు. ఒకటి వార్ మెడల్, రెండోది ఇండియా సర్వీస్ మెడల్. నేను చూసిన వెంటనే చెప్పేశాను: ఈ రెండోది దేశంలోనే, యుద్ధరంగం కాని చోట మూడేళ్లు పనిచేసిన భారత సైనికులకి ఇచ్చేది, బర్మా వెళ్లుంటే బర్మా స్టార్ ఉండాలి, అది లేదు కాబట్టి ఆయన అక్కడ పోరాడి ఉండరు.

నేను చెప్పింది నిజమే. చెప్పిన చోటు తప్పు. అందరి ముందూ, ఆ కుర్రవాడి ముందూ అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన పతకాలు గుడ్డలో చుట్టి లోపల పెట్టేశారు. ప్రదర్శనకి ఇవ్వలేదు.

నెల తరవాత సుబేదారు గారిని తీసుకుని మళ్లీ వెళ్లాను, పెద్దాయన ఒక్కరితోనే మాట్లాడడానికి. ఆయన దగ్గరున్న డిశ్చార్జ్ కాగితంలో ఆర్డ్‌నెన్స్ డిపో (సైన్యం సామాన్ల గిడ్డంగి) అని ఉంది. ముందున్నవాడికి తూటా, బూటు, టైరు అందాలంటే వెనక డిపోలో రాత్రింబవళ్లు ఎంతమంది మొయ్యాలో సుబేదారు గారు తన 71 అనుభవంతో చెప్పారు. "ముందు మేం ఎన్నాళ్లు నిలబడతాం అన్నది వెనకవాళ్లు పంపే పెట్టెల లెక్క అండీ" అన్నారు. ప్రదర్శనకి రెండు రోజుల ముందు ఆ పెద్దాయనే వచ్చి పతకాలు ఫొటో తీసుకోమన్నారు. కింద "డిపో స్టోర్‌మన్, 1942–46" అని రాయమని ఆయనే చెప్పారు. ఇప్పుడు ఇంటి కథకి, వస్తువుకి పొత్తు కుదరనప్పుడు ముందు ఆ ఇంట్లో ఒక్క పెద్దమనిషికే చెబుతాను. మిగతావాళ్లకి ఎప్పుడు, ఎలా చెప్పాలో వాళ్ల ఇష్టం.

ఫొటో లేనివాళ్లు

మాస్టారి మొదటి లిస్టులో పద్నాలుగు పేర్లు ఉన్నాయి, అన్నీ మెయిన్ రోడ్డుకి రెండు పక్కల ఇళ్లవే. కాలవ అవతల పేటలో అడిగారా అంటే, అక్కడెవరూ లేరనుకున్నామన్నారు. చర్చి పెద్దగారిని అడిగితే ఒక్క సాయంత్రంలో తొమ్మిది పేర్లు చెప్పారు, వాళ్లలో ఇద్దరు మొదటి ప్రపంచ యుద్ధానికి కూలిదళంలో వెళ్లినవాళ్లు. ఒక ఇంట్లో ఆ కాలపు బ్రిటిష్ వార్ మెడల్ ఉంది. సైనికులకి దాన్ని వెండిలో ఇచ్చారు. కూలిదళాల్లో, ఇతర కింది పనుల్లో ఉన్న భారతీయులకి కంచులో ఇచ్చారు. అందుకే ఆ ఇంట్లో అది వందేళ్లు నిలిచింది, వెండిదైతే ఏ కరువులోనో తాకట్టుకి పోయేదన్నాడు ముని మనవడు. వెండి, కంచు తేడా వెనకున్న లెక్క అతనికి చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు.

పేటలో ఫొటోలు దాదాపు లేవు. స్టూడియోకి డబ్బులుండవు, ఉన్న ఒకటీ అరా గుడిసె కాలినప్పుడో తుఫానులోనో పోయాయి. కానీ కాగితాలు మెయిన్ రోడ్డు ఇళ్లలో కన్నా ఇక్కడే భద్రంగా ఉన్నాయి. మాజీ సైనికులకి ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమికి డిశ్చార్జ్ కాగితమే ఆధారం కాబట్టి, దాన్ని పాస్‌బుక్కులతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తరంనుంచి తరానికి అప్పజెప్పారు.

ఒక ఇంట్లో చూపించిన ఆ కాగితంలో మనిషి బొమ్మ లేదు కానీ మనిషి ఉన్నాడు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. గుర్తింపు చిహ్నం: ఎడమ కనుబొమ పైన పాత గాయం మచ్చ. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర. ఆ ఎత్తు చదివి వినిపించగానే ఆయన కూతురు, డెబ్బై దాటిన మనిషి, లేచి గోడకి ఆనుకుని నిలబడి నెత్తిమీద చెయ్యి పెట్టి చూసుకుంది. "నా అంతే" అంది. మచ్చ సంగతి ఆవిడకి గుర్తుంది. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి "నొప్పా?" అని అడిగేదట.

గోడ మీద ఈ తొమ్మిది మందికీ ఏం పెట్టాలన్న దగ్గర చర్చ చాలాసేపు నడిచింది. ఖాళీ ఫ్రేములు పెడదామని ఒకరు, పేర్లు మాత్రం ఒక బోర్డు మీద రాద్దామని ఒకరు. రెండూ నాకు నచ్చలేదు. బోర్డు మీద రాస్తే వాళ్లు మళ్లీ ఒక మూలకి పోతారు. చివరికి మిగతా ఫొటోల సైజులోనే, అదే ఫ్రేముతో, వేలిముద్రని పెద్దది చేసి పెట్టాం. కింద ఎత్తు, గుర్తింపు చిహ్నం. ప్రదర్శన రోజున పిల్లలు ఎక్కువసేపు నిలబడింది ఆ ముద్రల ముందే, తమ బొటనవేళ్లు చూసుకుంటూ.

దండ వెయ్యని ఫొటో

పాత బజారులో ఒక పెంకుటిల్లు. మామ్మగారికి ఎనభై దాటాయి. ముందుగదిలో గోడనిండా ఫొటోలు, పోయినవాళ్లందరికీ ప్లాస్టిక్ పూలదండలు, అద్దం మీద కుంకుమ బొట్టు. ఒక్క ఫొటోకి దండా లేదు, బొట్టూ లేదు. ఖాకీ నిక్కరు, చొక్కా, చేతిలో కర్ర, వెనక స్టూడియోవాళ్ల మేడమెట్ల తెర. ఇరవై రెండు ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఆవిడ నాన్న.

"మా నాన్న రంగంలో పోయాడు అమ్మాయ్" అంది మామ్మగారు. గోదావరి జిల్లాల్లో పాతవాళ్లకి రంగం అంటే రంగూన్. అక్కడికి కూలికి, వ్యాపారానికి వెళ్లినవాళ్లు ఎంతోమంది కాబట్టి సముద్రం దాటినవాళ్లంతా రంగం వెళ్లినట్టే. ఆయన వెళ్లేసరికి ఈవిడ నెలల పిల్ల. ఏ సంవత్సరమో తెలీదు. సంవత్సరాలు అడిగితే చెప్పలేని వయసులో, ఊరందరికీ తెలిసిన సంగతిని పట్టుకుని అడగాలి. "కాకినాడ మీద బాంబులు పడ్డప్పటికి ఉత్తరాలు వస్తున్నాయా, ఆగిపోయాయా?" అన్నాను. కాకినాడ, విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. "బాంబులకి ముందే ఆగిపోయాయి. బాంబులు పడ్డ రోజున మా అమ్మ నన్ను చంకనేసుకుని పరిగెడుతూ, ఉత్తరం వస్తే ఇంట్లో ఎవరు తీసుకుంటారని ఏడ్చిందంట."

ఆవిడ అమ్మగారు 1980ల దాకా బతికారు. శవం రాలేదు, చూసినవాడెవడూ వచ్చి చెప్పలేదు. జాడ తెలియలేదు, చనిపోయినట్టే భావిస్తున్నామని సర్కారు కాగితం పంపింది, పింఛను మంజూరు చేసింది. ఆవిడ నెలనెలా ఖజానా ఆఫీసుకి వెళ్లి వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంది. బొట్టు మాత్రం తీయలేదు, గాజులు తీయలేదు. ఊళ్లో నోరున్నవాళ్లు అడిగారు కూడా. "పింఛను సర్కారు ఇస్తంది, బొట్టు ఆయనిచ్చాడు" అనేదట. ఫొటోకి దండ వెయ్యనివ్వలేదు. ఆవిడ పోయాక కూతురూ వెయ్యలేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఫొటో మాత్రమే తీసుకున్నాం. రెండోసారి ఉత్తరం చూపించింది. ఒక్కటే మిగిలింది, మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. సెన్సార్ ముద్ర, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉన్నాయి. ఊరి పేరు లేదు, సైనికులు ఎక్కడున్నారో ఉత్తరంలో రాయకూడదు కాబట్టి. అందరినీ పేరుపేరునా అడిగాక, చివర్లో ఒక వాక్యం: "ఇక్కడ మనూళ్లో తాటిచెట్టుకి కల్లు గీసినట్టు ఒక చెట్టుకి గాటుపెట్టి పాలు పడుతున్నారు, ఆ పాలతో లారీ చక్రాలు చేస్తారంట." రబ్బరు తోట. సెన్సార్ ఆఫీసరుకి తెలుగు వచ్చో రాకో ఆ వాక్యం దాటేసింది. రబ్బరు తోటలనగానే నాకు మలయా తట్టింది, కానీ బర్మాలోనూ అవి ఉన్నాయి. నోరు జారకూడదని అప్పటికే నేర్చుకున్నాను. ఏమీ అనలేదు.

మూడోసారి మేమేమీ అడగలేదు. టీ తాగుతుంటే ఆవిడే లోపలికెళ్లి చిన్న అట్టపెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకి పోస్టులో వచ్చిందట. దారం ముడి కూడా విప్పలేదు. "నాన్నొచ్చి విప్పుకుంటాడని అమ్మ ఉంచింది. నేనూ విప్పలేదు. నాకు మాత్రం ఇంకెన్నాళ్లుంది, నువ్వు విప్పు" అంది.

విప్పనని చెప్పాను. మీరు విప్పితే నేను ఫొటో తీస్తానన్నాను. ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి, ముడి రాలేదు. మనవరాలు కత్తెర తెస్తే వద్దని, గోళ్లతోనే పది నిమిషాలు కష్టపడి ఊడదీసింది. లోపల కాగితం పొట్లాల్లో రెండు స్టార్లు, ఒక మెడల్, మడతపెట్టిన రిబ్బన్ ముక్కలు. డెబ్బై ఏళ్లుగా వెలుతురు తగలని రిబ్బన్లు. నేను చూసినవన్నీ వెలిసిపోయినవే, అసలు రంగులు ఇంత చిక్కగా ఉంటాయని ఆ రోజే చూశాను. 1939–45 స్టార్. వార్ మెడల్. మూడోది ముదురాకుపచ్చ రిబ్బను, మధ్యలో పసుపు చార, అంచులకి ఎరుపు.

అది పసిఫిక్ స్టార్. బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ రెండూ ఒకే మనిషికి ఇవ్వరు. మొదట ఏది సంపాదిస్తే అదే ఇచ్చి, రెండోదానికి అర్హత ఉంటే రిబ్బను మీద చిన్న పట్టీ ఇస్తారు. ఇక్కడ పట్టీ లేదు. ఆయన రంగం వెళ్లలేదు. స్టార్ వెనక అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి: నంబరు, డ్రైవర్, పేరు, ఆర్.ఐ.ఏ.ఎస్.సి. (రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్).

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటన్, భారత్ లాంటి కామన్వెల్త్ దేశాల సైనికుల వివరాలు ఆన్‌లైన్లో పెట్టింది, ఎవరైనా వెతకొచ్చు. మన పేర్లని ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు కాబట్టి పేరుతో వెతికితే దొరకడం కష్టం. నంబరుతో వెతకాలి. సుబేదారు గారు నంబరు చదివారు, మనవరాలు ఫోన్లో కొట్టింది. ఒకే ఒక్క పేరు వచ్చింది. సింగపూర్ మెమోరియల్.

సింగపూర్ ఉత్తరం వైపు క్రాంజిలో ఉంది ఆ స్మారకం. సమాధి దొరకని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు అక్కడి స్తంభాల మీద ఉన్నాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైనప్పుడు నలభై వేలకు పైగా భారత సైనికులు పట్టుబడ్డారు. చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, చేరనివాళ్లలో ఎంతోమందిని జపాన్‌వాళ్లు దూరదూరపు దీవులకి కూలికి తరలించారు. ఈ మాట చెబుతుంటే మామ్మగారు ఆపి, "నేతాజీ దగ్గర చేరాడేమో?" అంది ఆశగా. ఆ స్మారకం రిజిస్టర్లో ఉండేది నంబరు, పేరు, యూనిట్, చనిపోయిన తేదీ, అయినవాళ్ల పేర్లు. అందులో ఉన్నదే చదివాను. ఆవిడ కోసం ఒక్క ముక్క కూడా కలపలేదు.

అయినవాళ్ల పేర్లు ఉన్నచోట ఇంగ్లీషులో ఒక వరస ఉంది. ఫలానావారి కొడుకు, ఫలానా ఆవిడ భర్త, ఊరు, తూర్పు గోదావరి, ఇండియా. నేను తెలుగులో చెప్పాను. మామ్మగారు ఆ రెండో పేరు దగ్గర ఆపింది.

"మా అమ్మ పేరా? అక్కడ మా అమ్మ పేరుందా?"

స్తంభం మీద చెక్కింది నాన్నగారి పేరేనని, అమ్మగారి పేరు ఆ స్మారకం రిజిస్టర్లో ఉందని స్పష్టంగా చెప్పాను. మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. చనిపోయిన తేదీ గురించి మాత్రం ఒక్కసారే అడిగింది.

ప్రదర్శన ఒకటిన్నర రోజు సాగింది. జనం బాగా వచ్చారు, మాస్టారు పిల్లల చేత ఫొటోల గురించి చెప్పించారు, అది పద్ధతిగా జరిగింది. ఫైళ్లు గ్రంథాలయంలో ఒక హార్డ్ డిస్క్‌లో, మాస్టారి దగ్గర ఒకదాంట్లో, నా దగ్గర ఒకదాంట్లో ఉన్నాయి. ప్రతి ఫైలు పేరులో ఇంటి నంబరు, వస్తువు, తేదీ ఉన్నాయి. ఎవరి కథ వస్తువుతో కలవలేదో అక్కడ రెండూ రాసి ఉంచాం, ఇంటివాళ్లు ఏమన్నారు, వస్తువు మీద ఏముంది అని.

మామ్మగారికి ఇవ్వాల్సిన ప్రింట్లు ఇవ్వడానికి సెప్టెంబరులో వెళ్లాను. నాన్నగారి ఫొటోకి దండ వేసి ఉంటుందేమోనని లోపలికి వెళ్తూనే గోడ చూశాను. లేదు. పక్కనే ఉన్న అమ్మగారి ఫొటో కిందకి దించి ఉంది, వెనక అట్ట మేకులు ఊడదీసి ఉన్నాయి. రిజిస్టరు కాగితం ప్రింటు ఆ ఫ్రేములో పెట్టాలంది. నాన్నగారి ఫొటో వెనక పెట్టమంటారా అని అడిగాను.

"ఆయనకెందుకే, ఎక్కడున్నాడో ఆయనకి తెలుసు. తెలియంది అమ్మకి."

కాగితం నేరుగా ఫొటోకి తగలకుండా మధ్యలో పలచటి పాలిస్టర్ షీటు పెట్టాను. అమ్మగారి పేరున్న వరస ఫొటో వైపుకి ఉండాలని మామ్మగారు రెండుసార్లు సరిచేయించింది. మేకులు మళ్లీ నేనే కొట్టాను.